చెరువు అందరిది, తూము నీరటిది
(బ్యాకప్ కన్సోల్‌ను దూరం నుంచి వాడుకోవడం గురించి)

— తృతీయ బి.ఎస్సీ. (ఎం.పి.సి.ఎస్.) విద్యార్థి

ఈ రోజున మన కాలేజీలో కంప్యూటర్ లేని శాఖ లేదు. హాజరు పట్టీలు, ఇంటర్నల్ మార్కులు, ప్రయోగశాలల్లో తీసిన కొలతలు, పరిశోధక విద్యార్థులు ఏళ్ల తరబడి కూడబెట్టిన సమాచారం – అన్నీ డిస్కుల మీదనే ఉంటున్నాయి. కాగితానికి చెద పడితే నెమ్మదిగా పడుతుంది, మన కంటికి కనిపిస్తుంది. డిస్కు పోయేటప్పుడు చెప్పి పోదు. అందుకని ఉన్నదానికి మరొక ప్రతి తీసి వేరేచోట దాచిపెడతారు. దాన్నే బ్యాకప్ అంటారు.

రైతు ఇంట్లో పుట్టినవాడికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. తిండిగింజలు ఒకచోట, విత్తనపు గింజలు ఇంకొకచోట. మా నాయనమ్మ విత్తనపు జొన్నలకు వేపాకు కలిపి కుండలో పోసి, మూతి మెత్తి, అటక మీద పెట్టించేది. ఎంత కరువొచ్చినా ఆ కుండ జోలికి ఎవరూ పోకూడదు. కంప్యూటర్లవాళ్లు చెప్పే 3-2-1 సూత్రం కూడా ఇటువంటిదే: మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, వాటిలో ఒకటి ఆ ఆవరణకు దూరంగా ఉండాలి.

అయితే బ్యాకప్ ఎందుకు తీయాలి అన్నది ఈ వ్యాసంలో విషయం కాదు. అది అందరూ ఒప్పుకున్నదే. ఆ బ్యాకప్‌ను నడిపించే మీట ఒకటి ఉంటుంది. దాని పేరు కన్సోల్. నిన్న రాత్రి ఏ కంప్యూటర్ నుంచి ఎంత తీశాం, ఏది విఫలమైంది, పోయిన ఫైలును తిరిగి ఎలా తెచ్చుకోవాలి, పాత ప్రతుల్లో ఏవి చెరిపేయాలి – ఇవన్నీ అక్కడినుంచే జరుగుతాయి. మామూలుగా ఈ కన్సోల్ బ్యాకప్ సర్వర్ ఉన్న గదిలోనే పనిచేస్తుంది. ఆ గది తాళం ఒకరి దగ్గర ఉంటుంది. ఆయన సెలవులో ఉంటే? శాఖ మరో భవనంలో ఉంటే? పరిశోధన కేంద్రం నూరు కిలోమీటర్ల అవతల ఉంటే? దూరాన ఉన్నవాళ్లకు ఈ కన్సోల్‌ను అందుబాటులోకి తేవాలా, తెస్తే ఏ విధంగా తేవాలి అన్నదే ఇక్కడ చర్చ.

నలుగురు పనివాళ్లు

మాట గాలిలో మిగిలిపోకుండా ఒక నిజమైన ఉదాహరణ తీసుకుందాం. బాకులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉంది. కెర్న్ సిబ్బాల్డ్ అనే ఆయన దీన్ని 2000లో రాయడం మొదలుపెట్టి 2002లో అందరికీ ఉచితంగా విడుదల చేశాడు. బ్యాకప్ అనే మాటనూ డ్రాకులా అనే పేరునూ కలిపితే వచ్చింది బాకులా. అందరూ పడుకున్నాక రాత్రిపూట పని చేసేది కనుక పేరు బాగానే కుదిరింది.

ఇందులో నలుగురు పనివాళ్లున్నారనుకోండి. మొదటివాడు డైరెక్టర్. ఎప్పుడు, ఎక్కడినుంచి, ఎక్కడికి అనే ఆజ్ఞలన్నీ ఇతనివే. రెండోవాడు ఫైల్ డీమన్. బ్యాకప్ తీయవలసిన ప్రతి కంప్యూటర్‌లోనూ ఇతను కూర్చుని ఉంటాడు. డైరెక్టర్ అడిగిన ఫైళ్లను చదివి పంపుతాడు. మూడోవాడు స్టోరేజ్ డీమన్. వచ్చినదాన్ని డిస్కు మీదనో టేపు మీదనో రాసిపెడతాడు. నాలుగోది కన్సోల్. మనిషి డైరెక్టర్‌తో మాట్లాడే నోరూ చెవీ ఇదే. ఇవి కాక ఏ ఫైలు ఏ టేపులో ఉందో రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. దాన్ని క్యాటలాగ్ అంటారు.

వీళ్లు ఒకరితో ఒకరు నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పోర్టు, అంటే ఒకే ఇంటికి ఉన్న వేర్వేరు గుమ్మాల వంటివి. డైరెక్టర్‌కు 9101, ఫైల్ డీమన్‌కు 9102, స్టోరేజ్ డీమన్‌కు 9103. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అసలు సరుకు, అంటే ఫైళ్లలోని సమాచారం, ఫైల్ డీమన్ నుంచి స్టోరేజ్ డీమన్‌కు నేరుగా పోతుంది. కన్సోల్ మాట్లాడేది డైరెక్టర్ ఒక్కడితోనే. కనుక దూరాన ఉన్నవాళ్లు కన్సోల్ వాడుకోవాలంటే వారికి 9101 గుమ్మం ఒక్కటి అందితే చాలు. మిగతా రెండు గుమ్మాలు వారికోసం తెరవనక్కరలేదు. "పని కావడంలేదు, అన్నీ తెరిచి చూద్దాం" అనే అలవాటు చాలామందికి ఉంది. ఎవరు ఎవరితో మాట్లాడతారో తెలిస్తే ఆ అవసరం రాదు.

చూసేవాడు లేకపోతే

దూరం నుంచి కన్సోల్ ఎందుకు చూడాలి, ఉన్నచోటే ఉండనిస్తే పోదా అని కొందరు అనవచ్చు. దానికి జవాబుగా 2017లో జరిగిన ఒక ఘటన చెబుతాను.

గిట్‌ల్యాబ్ అనే సంస్థ ప్రోగ్రాములు రాసేవాళ్ల పనిని భద్రపరిచే సేవ నడుపుతోంది. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజనీర్ ఒకరు ఒక సర్వర్‌లో చెరపవలసినదాన్ని పొరపాటున అసలు సర్వర్‌లో చెరిపారు. ఆపేసరికి దాదాపు 300 గిగాబైట్ల డేటాబేస్‌లో మిగిలింది 4.5 గిగాబైట్లు. సరే, బ్యాకప్ ఉంది కదా అని వెళ్లి చూస్తే, రోజూ తీస్తున్నాయనుకున్న ప్రతులు ఉండవలసిన చోట ఏమీ లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రాముదీ డేటాబేస్‌దీ వెర్షన్లు వేరు కావడంతో ఆ పని ఎప్పటినుంచో విఫలమవుతూనే ఉంది. విఫలమైనట్టు ఈ-మెయిల్ హెచ్చరికలు కూడా పోయాయి. కాని వాటికి ఉండవలసిన ధ్రువీకరణ లేనందువల్ల అవతలి మెయిల్ సర్వర్ వాటిని తిరస్కరించింది. చివరికి, వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిపెట్టిన ఒక ప్రతి వాళ్లను కాపాడింది. ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం మాత్రం పోయింది. దాదాపు 5,000 ప్రాజెక్టుల మీద ఆ దెబ్బ పడిందని ఆ సంస్థే బహిరంగంగా రాసి ప్రకటించింది. దాచుకోకుండా చెప్పినందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

ఇందులో పాఠం ఏమిటి? హెచ్చరిక ఒకే దారిన, ఒకే చోటికి పోయింది. ఆ దారి మూసుకుపోతే ఎవరికీ తెలియలేదు. బ్యాకప్ స్థితిని వారానికి ఒక్కసారైనా వేర్వేరు చోట్లనుంచి నలుగురు చూసే ఏర్పాటు ఉంటే, "నిన్నటిది ఎక్కడ?" అని ఎవరో ఒకరు అడిగి ఉండేవారు. ఎవరి సమాచారం అక్కడ దాచి ఉందో, దాని క్షేమం చూసుకునే హక్కు వాళ్లకు ఉండాలి. కాబట్టి కన్సోల్ దూరం నుంచి కనిపించాలి.

చేయి పడితే

ఇక నాణానికి రెండో వైపు చూద్దాం. కోడ్ స్పేసెస్ అని ఒక సంస్థ ఉండేది. అదీ ఇటువంటి సేవే చేసేది. తన సర్వర్లనూ బ్యాకప్‌లనూ అమెజాన్ వారి దగ్గర అద్దెకు తీసుకున్న యంత్రాల మీద ఉంచింది. వాటన్నిటినీ నడిపించే కంట్రోల్ ప్యానల్ ఒక్కటే. 2014 జూన్‌లో ఎవరో ఆ ప్యానల్‌లోకి చొరబడి డబ్బు అడిగారు. సంస్థవాళ్లు పాస్‌వర్డ్‌లు మార్చడం మొదలుపెట్టగానే, ఆ చొరబడినవాడు ముందే సృష్టించుకున్న వేరే లాగిన్‌లతో వచ్చి డేటా, బ్యాకప్ ప్రతులు, యంత్రాల నమూనాలు వరసగా చెరిపేశాడు. పన్నెండు గంటలు గడిచేసరికి ఆ సంస్థకు మిగిలింది చాలా తక్కువ. ఇక నడపలేమని ప్రకటించి మూసేసుకున్నారు.

వాళ్లు బ్యాకప్ తీయలేదని ఎవరూ అనలేరు. తీశారు. కాని అసలుకూ నకలుకూ మీట ఒక్కటే అయింది. తిండిగింజలూ విత్తనపు గింజలూ ఒకే గదిలో పెట్టి ఒకే తాళం వేసినట్టయింది.

బ్యాకప్ మీద దాడి అప్పుడప్పుడూ జరిగే వింత కాదు. వీమ్ అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచంలో చాలా సంస్థలు బ్యాకప్‌కు వాడుతున్నాయి. దానిలో 2023 మార్చిలో ఒక లోపం బయటపడింది. సర్వర్‌లోని 9401 పోర్టు దాకా చేరగలిగినవాడు, లాగిన్ కాకుండానే, అందులో దాచిన పాస్‌వర్డ్‌ల వివరాలు రాబట్టగలడు. కంపెనీ వెంటనే సవరణ విడుదల చేసింది. వేసుకోని చోట్ల దొంగలు దాన్ని వాడుకున్నారు. 2024 సెప్టెంబరులో అదే సాఫ్ట్‌వేర్‌లో ఇంకా పెద్ద లోపం బయటపడింది, దానికీ అదే గతి పట్టింది. డబ్బుకోసం ఫైళ్లకు తాళం వేసే ముఠాలు ముందుగా వెతికేది బ్యాకప్ సర్వర్‌నే. విత్తనాల కుండ పగలగొడితేనే కదా రైతు అప్పుకు లొంగేది!

మరి ఏం చేయాలి? చూడకపోతే ఒక ప్రమాదం, తెరిస్తే ఇంకో ప్రమాదం.

నీరటి చెప్పే పాఠం

మా ఊళ్లో పొలాలన్నీ చెరువు కింద ఉంటాయి. కట్ట మీదికి ఎవరైనా పోవచ్చు. నీళ్లు ఎన్ని ఉన్నాయో, తూము దగ్గర ఎంత మట్టం ఉందో ఎవరైనా చూసి రావచ్చు. చిన్నపిల్లవాడు పోయి చూసివచ్చి చెప్పినా చెల్లుతుంది. కాని తూము ఎత్తేది మాత్రం నీరటి ఒక్కడే. ఎవరి మడికి ఎప్పుడు వంతు వస్తుందో అతనికి తెలుసు. పంట ఇంటికి వచ్చాక అందుకు అతనికి గింజలు కొలిచి ఇస్తారు. మా నాయనకు అర్ధరాత్రి నీళ్లు కావలసివచ్చినా నీరటిని లేపవలసిందే గాని తానే పోయి తూము ఎత్తడు. అందరూ ఎత్తడం మొదలుపెడితే ఆయకట్టు చివరి మడికి చుక్క రాదు, చెరువు మాత్రం నెలలో ఎండిపోతుంది.

చూసే హక్కు వేరు, తిప్పే హక్కు వేరు. కన్సోల్‌ను దూరానికి అందించడంలో అసలు కిటుకంతా ఇదే. "దూరం నుంచి కన్సోల్ ఇవ్వాలా వద్దా" అనేది సరైన ప్రశ్న కాదు. "ఎవరికి, ఏ దారిన, ఎంతవరకు" అనేది సరైన ప్రశ్న. దీన్ని మూడు మెట్లుగా విడదీసి చూద్దాం: దారి, గుర్తింపు, అధికారం.

మొదటి మెట్టు: దారి

డెబియన్, ఉబుంటు పంపిణీలతో వచ్చే బాకులాలో డైరెక్టర్ మామూలుగా 127.0.0.1 అనే చిరునామాకు మాత్రమే కట్టి ఉంటాడు. ఈ చిరునామాకు అర్థం "ఈ యంత్రమే". అంటే అదే యంత్రంలో కూర్చున్న కన్సోల్ తప్ప ఇంకెవరు పిలిచినా పలకడు. దూరం నుంచి కనెక్షన్ దొరకడంలేదని కంగారుపడేవాళ్లకు చాలాసార్లు కారణం ఇదే. ఇది లోపం కాదు, ముందుజాగ్రత్త.

దీన్ని దాటడానికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, ఆ చిరునామా తీసేసి డైరెక్టర్‌ను ఇంటర్‌నెట్ మొత్తానికి పలకమనడం. ఇది సులభం, కాని చేయకూడనిది. "మనల్ని ఎవరు వెతుక్కుంటూ వస్తారు?" అంటారు కొందరు. ఇంటర్‌నెట్‌లో పాత పద్ధతి చిరునామాలు మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. చాలా పెద్ద సంఖ్యే. కాని 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంవాళ్లు జీమ్యాప్ అనే పరికరాన్ని తయారుచేసి, ఒక మామూలు కంప్యూటర్‌తో, గిగాబిట్ వేగం గల లైను మీద, ఒక పోర్టు కోసం ఈ చిరునామాలన్నిటినీ 45 నిమిషాల లోపల తట్టి రావచ్చునని చూపించారు. కాబట్టి తెరిచిన గుమ్మం కనబడకుండా ఉండదు. పోర్టు నంబరు మార్చినా అంతే. గుమ్మం పక్కకు జరుగుతుంది గాని మూసుకోదు.

రెండోది, కాలేజీ లోపలి నెట్‌వర్క్‌కే డైరెక్టర్‌ను కట్టడం. 10తోనో 192.168తోనో మొదలయ్యే చిరునామాలు బయటి ప్రపంచానికి కనిపించవు. పక్క భవనంలోని శాఖకు ఇది సరిపోతుంది. అప్పుడు కూడా ఏయే యంత్రాలు 9101ని పిలవవచ్చో ఫైర్‌వాల్‌లో పేరుపేరునా రాయాలి. హాస్టల్ వైఫై నుంచి బ్యాకప్ డైరెక్టర్ దాకా దారి ఉండవలసిన అవసరం ఏమీ లేదు. ఈ మాట హాస్టల్‌లో ఉండే నేనే అంటున్నాను!

మూడోది, సొరంగం. నూరు కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్లకు ఇదే మంచిది. దీనికి ఎస్.ఎస్.హెచ్. అనే పద్ధతి వాడవచ్చు. దాని పుట్టుక విద్యార్థులకు ఆసక్తికరంగా ఉంటుంది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అక్కడే పరిశోధకుడుగా ఉన్న టాటు ఇలోనెన్ దానికి విరుగుడుగా ఈ పద్ధతిని తయారుచేశాడు. ఇందులో దూరాన ఉన్న మన యంత్రంలోని 9101 గుమ్మాన్ని, గుప్త లిపిలో నడిచే సొరంగం ద్వారా, సర్వర్ లోపలి 9101 గుమ్మానికి కలుపుతాం. అప్పుడు డైరెక్టర్‌కు ఆ పిలుపు "ఈ యంత్రం" లోపలినుంచే వచ్చినట్టు ఉంటుంది. కనుక 127.0.0.1 కట్టు విప్పనక్కరలేదు. పైగా ఆ సొరంగపు తాళంచెవికి 9101 తప్ప వేరే గుమ్మం తెరుచుకోకుండా, సర్వర్ మీద ఏ ఆజ్ఞా నడవకుండా హద్దు పెట్టవచ్చు. కన్సోల్ కావాలన్నవాడికి సర్వర్ మొత్తం అప్పగించే బాధ తప్పుతుంది.

రెండో మెట్టు: గుర్తింపు

దారిన వచ్చినవాడు ఎవరో తెలియాలి. బాకులాలో కన్సోల్‌కూ డైరెక్టర్‌కూ మధ్య ఒక రహస్య పదం ఉంటుంది. కాని ఆ పదం తీగ మీద నడవదు. సవాలు–జవాబు పద్ధతి వాడతారు. చిన్న లెక్కతో చూపిస్తాను.

మనిద్దరి రహస్య సంఖ్య 37 అనుకుందాం. నేను మీకు 12 అనే సవాలు పంపుతాను. మీరు రెండిటినీ గుణించి (444), చివరి రెండంకెలు, అంటే 44, నాకు పంపుతారు. నేనూ అదే లెక్క చేసి సరిచూసుకుంటాను. 37 అనే సంఖ్య దారిలో ఎవరికీ వినిపించలేదు. రేపు వేరే సవాలు వస్తుంది కాబట్టి ఈ రోజు విన్న 44 రేపు పనికిరాదు. బాగుంది కదా! కాని పొంచి విన్నవాడు లెక్కలవాడైతే? 12తో గుణిస్తే చివర 44 వచ్చే రెండంకెల సంఖ్యలు నాలుగే: 12, 37, 62, 87. మరునాడు సవాలు 7, జవాబు 59 అని విన్నాడంటే, ఆ నాలుగింటిలో మిగిలేది 37 ఒక్కటే. రెండు రోజుల్లో రహస్యం బట్టబయలు.

నిజమైన పద్ధతిలో ఇంత తేలిక గుణకారం ఉండదు. వెనక్కు తిప్పి లెక్క కట్టలేని ప్రమేయం వాడతారు. అయినా ఒక సంగతి ఇక్కడా వర్తిస్తుంది. సవాలు, జవాబు రెండూ విన్నవాడు ఇంటికి పోయి తీరిగ్గా నిఘంటువులోని మాటలన్నీ ఒకటొకటిగా పెట్టి చూడగలడు. రహస్య పదం చిన్నదైతే దొరికిపోతుంది. అందుకని ఆ పదం పొడవుగా, అర్థం లేకుండా, యంత్రమే పుట్టించినదై ఉండాలి. మన పేరో, కాలేజీ పేరో, పుట్టిన సంవత్సరమో కాకూడదు.

గుర్తింపు ఒకటి, గోప్యత ఒకటి. వచ్చినవాడు మనవాడేనని తేలాక కూడా వాళ్ల మాటలు దారిలో ఎవరైనా వినవచ్చు. అందుకే టి.ఎల్.ఎస్. అనే గుప్త లిపి వాడతారు. బాకులా 11వ వెర్షన్ నుంచి ఇది దానంతట అదే పనిచేస్తుంది. పాత వెర్షన్లు వాడేచోట సర్టిఫికెట్లు చేతితో అమర్చుకోవాలి, లేదా పైన చెప్పిన సొరంగంలోంచే నడపాలి.

మూడో మెట్టు: అధికారం

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. చాలామంది రెండు మెట్లు ఎక్కి ఇక్కడికి రాకుండానే ఆగిపోతారు.

బాకులాలో ముఖ్యంగా రెండు రకాల కన్సోల్‌లను గమనించాలి. డైరెక్టర్ సొంత పాస్‌వర్డ్‌తో వచ్చే కన్సోల్‌కు సర్వాధికారాలూ ఉంటాయి. బ్యాకప్ నడపడం, తిరిగి తేవడం, చెరపడం – ఏదైనా చేయవచ్చు. దీన్ని దూరానికి ఇవ్వకూడదు. ఇది నీరటి చేతిలోనే ఉండాలి. రెండోది పేరు పెట్టిన కన్సోల్. దీనికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఉంటాయి. విశేషమేమిటంటే దీనికి మొదట్లో ఏ అధికారమూ ఉండదు. ఏయే ఆజ్ఞలు, ఏయే కంప్యూటర్లు, ఏయే పనులు, ఏయే టేపుల గుంపులు అన్నది డైరెక్టర్ పట్టికలో రాసి ఇచ్చినంతవరకే. రాయనిది లేనట్టే. రాసేది కూడా డైరెక్టర్ దగ్గరే కాబట్టి, దూరాన ఉన్నవాడు తన యంత్రంలో ఏం మార్చుకున్నా తన అధికారం పెంచుకోలేడు.

ఒక కాలేజీకి ముగ్గురిని ఊహించుకుందాం. మొదటిది, ప్రతి శాఖలోనూ చూసేవారు. వారికి "స్టేటస్" అనే ఆజ్ఞ ఒక్కటి చాలు. రాత్రి పని అయిందా లేదా తెలుస్తుంది, మరేమీ కదలదు. బాకులాతో వచ్చే నమూనా పట్టికలోనే ఇటువంటి చూసే కన్సోల్ ఒకటి రాసి ఉంటుంది. రెండోది, దూరపు పరిశోధన కేంద్రంలోని బాధ్యులు. వారికి తమ కంప్యూటర్ వరకు బ్యాకప్ నడపడం, పోయిన ఫైలు తిరిగి తెచ్చుకోవడం ఇవ్వవచ్చు. చెరిపే ఆజ్ఞలు ఇవ్వకూడదు. మూడోది, నీరటి. చెరపడం, పట్టిక మార్చడం అతని పని. అతను సెలవు పెడితే పనిచేయడానికి రెండో నీరటి ఒకరుండాలి. ఆయనకు తన పేరుతో తన తాళంచెవి ఉండాలి. ఒకే పాస్‌వర్డ్ పదిమంది వాడితే, ఎవరు ఏం చేశారో చిట్టాలో చూసినా తెలియదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. "తిరిగి తెచ్చుకోవడం" అనేది పైకి అమాయకంగా కనిపిస్తుంది. కాని ఎవరి ఫైలునైనా నా యంత్రంలోకి తిరిగి తెచ్చుకోగలిగితే, ఎవరి ఫైలునైనా నేను చదవగలిగినట్టే కదా! పరీక్షల విభాగంలోని కంప్యూటర్ నుంచి తీసిన ప్రతిని రసాయనశాస్త్ర శాఖ కన్సోల్‌నుంచి తెచ్చుకోగలిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి ఈ ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ఏ కంప్యూటర్లది అన్నది తప్పక రాయాలి. తెచ్చినది పాత ఫైలు మీద పడకుండా వేరే ఫోల్డరులో పడేటట్టు కూడా కట్టడి చేయాలి.

ఇదంతా కొత్త ఆలోచన కాదు. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు 1975లోనే కంప్యూటర్లలో సమాచార రక్షణ గురించి రాసిన వ్యాసంలో దీన్ని సూత్రంగా చెప్పారు. ఎవరికైనా, ఏ ప్రోగ్రాముకైనా తన పనికి కావలసినంత అధికారమే ఉండాలి, అంతకు మించి ఉండకూడదు అని. మన ఊళ్లలో నీరటిని పెట్టినవాళ్లు ఆ వ్యాసం చదవలేదు. పొలం ఎండితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

పరీక్షించి చూడాలి

ఈ మూడు మెట్లనూ నేను రెండు పాత కంప్యూటర్ల మీద అమర్చి చూశాను. అటువంటి ప్రయోగం చేయదలచిన మిత్రులకు ఒక సలహా. పని జరుగుతోందా అని చూడడం సగం పరీక్షే. జరగకూడనిది జరగడంలేదని చూడడం మిగతా సగం. చూసే కన్సోల్ నుంచి చెరిపే ఆజ్ఞ ఇచ్చి చూడండి, డైరెక్టర్ కాదనాలి. పక్క శాఖ కంప్యూటర్ పేరు అడిగి చూడండి, కనిపించకూడదు. సొరంగం లేకుండా బయటినుంచి 9101ని పిలిచి చూడండి, జవాబు రాకూడదు. అన్నీ అయ్యాక ఒక ఫైలును నిజంగా తిరిగి తెచ్చి, తెరిచి చదవండి. మొలకెత్తుతుందో లేదో చూడకుండా విత్తనం చల్లే రైతు ఉండడు. తడిగుడ్డలో పది గింజలు కట్టి చూస్తాడు.

ఇంత చేశాక కూడా చివరి జాగ్రత్త ఒకటి మిగిలి ఉంటుంది. ఏ కన్సోల్ అయినా మనుషులు రాసిన ప్రోగ్రామే. ఏదో ఒక రోజు దానిలోనూ లోపం బయటపడవచ్చు. కాబట్టి ఒక ప్రతి ఏ కన్సోల్‌కూ అందకుండా ఉండాలి. టేపు తీసి బీరువాలో పెట్టి తాళం వేస్తే ప్రపంచంలోని ఏ దొంగ కూడా నెట్‌వర్క్ మీదనుంచి దాన్ని చెరపలేడు. 2022 నవంబర్ 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్ల మీద దాడి జరిగి, రోగుల నమోదు మొదలు అన్నీ చేతిరాతకు మారవలసివచ్చింది. ఆసుపత్రి సమాచారాన్ని దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి తిరిగి తేగలిగారని, చాలా సేవలు రెండు వారాల తరవాత మళ్లీ మొదలయ్యాయని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఆ ఒక్క సర్వర్‌కు కూడా దెబ్బ తగిలి ఉంటే, ఎన్ని లక్షలమంది చికిత్సల చరిత్ర పోయేదో ఊహించుకోండి.

ఇది కంప్యూటర్ సైన్స్‌వాళ్ల గొడవ, మనకెందుకు అని ఇతర శాఖల మిత్రులు అనుకోకూడదని నా మనవి. మన మార్కులు, మన ఫీజుల రసీదులు, ఒక పరిశోధక విద్యార్థి నాలుగేళ్ల శ్రమ, మా నాయన పేరుమీది భూమి వివరాలు – అన్నీ ఎక్కడో ఒక సర్వర్‌లో ఉన్నాయి. వాటి విత్తనాల కుండ ఎక్కడుందో అడగడం మన హక్కు. "బ్యాకప్ ఉందా?" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. దాన్ని చివరిసారి ఎవరు చూశారు? దాన్ని చెరపగలిగేవాళ్లు ఎంతమంది? వాళ్లెవరికీ అందని ప్రతి ఎక్కడుంది?

ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే సంస్థ దూరాన ఉన్నవాళ్లకు కన్సోల్ ఇవ్వవచ్చు. చెప్పలేని సంస్థ ముందుగా ఆ జవాబులు సిద్ధం చేసుకోవాలి. ఇల్లు కాలాక బావి తవ్వి ప్రయోజనం లేదు కదా!